గూటిమీది తల్లి

చదువవలసిన వేదభాగములు: ద్వితీయోపదేశకాండము 22:6, 7, కీర్తన 84:1–4, యిర్మీయా 8:7, మత్తయి 6:26, లూకా 2:7

పాఠ ముఖ్యాంశము: బలహీనతలోనున్న ప్రాణియెదుట బలముగలవాడు తన చేయి వెనుకకు తీసికొనుట దేవుని చిత్తము.

1. చిన్న ఆజ్ఞ, పెద్ద వాగ్దానము

పది ఆజ్ఞలు మన ఆదివారపు బడి పిల్లలకు కూడ కంఠస్థమే. అయితే ధర్మశాస్త్రములో ఒక మూలను పక్షిగూటిని గురించిన ఆజ్ఞ ఒకటి యున్నది. దానిని మనము చదువుదుము గాని, దానిమీద ప్రసంగము వినుట అరుదు. త్రోవన పోవు మనుష్యునికి చెట్టుమీదనో నేలమీదనో ఒక గూడు కనబడినది. అందులో గుడ్లో పిల్లలో ఉన్నవి. తల్లి వాటిమీద కూర్చున్నది. అట్టివాడు తల్లిని పిల్లలతో కూడ పట్టుకొనకూడదనియు, తల్లిని తప్పక పోనియ్యవలెననియు మోషే ఇశ్రాయేలీయులకు చెప్పెను.

ఈ ఆజ్ఞలోని రెండు సంగతులు గమనింతము. మొదటిది, తల్లిపక్షిని పట్టుట ఎప్పుడు సులభము? గూటిమీద ఉన్నప్పుడే. మిగిలిన దినములలో మనుష్యుని నీడ పడకమునుపే అది ఎగిరిపోవును. గుడ్లు పొదుగునప్పుడు మాత్రము ప్రాణభయమున్నను కదలదు. దాని ప్రేమయే దానికి ఉరియగును. ఆ ప్రేమను అదనుగా చేసికొని దానిని పట్టవద్దని దేవుడు సెలవిచ్చుచున్నాడు.

రెండవది, ఈ ఆజ్ఞతో కలిసియున్న వాగ్దానము. దీనిని గైకొనువానికి మేలు కలుగుననియు, వాని దినములు పొడిగింపబడుననియు వ్రాయబడెను. ఈ వాగ్దానమునే మనము మరియొక చోట ఎరుగుదుము. తల్లిదండ్రులను సన్మానించుమను ఆజ్ఞలో (ద్వితీ. 5:16) ఇదే మేలు, ఇదే దీర్ఘాయువు కనబడుచున్నవి. కన్నతల్లిని గౌరవించువానికి ఏమి దొరకునో, గూటిమీది తల్లిని విడిచిపెట్టువానికి అదే దొరకును! దేవుని దృష్టిలో ఈ రెండును ఎంత సమీపముగా నున్నవో చూచితిరా?

ఈ పాఠము బాగుగా బోధపడుటకు పక్షులు గూళ్లు కట్టు స్థలమునకు మనస్సులో ఒకసారి పోయి వత్తము. మన ప్రభువే ఆకాశపక్షులను చూడుడని చెప్పెను (మత్తయి 6:26). అక్కడ గ్రీకు మూలములోనున్న మాటకు నిదానించి చూచుట, తేరిచూచుట అని అర్థము. కాబట్టి పక్షులను శ్రద్ధగా చూచుట పనిలేనివారి కాలక్షేపము కాదు. ప్రభువు మనకు చెప్పిన పనియే.

2. నేలపట్టు చెరువు

తిరుపతి జిల్లాలో, సూళ్లూరుపేటకు ఉత్తరముగా, దొరవారిసత్రము మండలములో నేలపట్టు అను గ్రామమున్నది. 2022వ సంవత్సరమునకు ముందు ఈ ప్రాంతము నెల్లూరు జిల్లాలో ఉండెడిది. అక్కడి చెరువును, దాని ప్రక్కనున్న చిట్టడవిని కలిపి 1976లో పక్షుల రక్షితస్థలముగా ఏర్పరచిరి. దాని విస్తీర్ణము సుమారు 459 హెక్టారులు. దక్షిణ ఇండియాలో గూడబాతులు గుడ్లుపెట్టి పిల్లలను పెంచు ముఖ్యస్థలములలో ఇది ఒకటి.

ఆ చెరువులో నీటికడప చెట్లు నిలిచియున్నవి. నెలల తరబడి మొదళ్లు నీటిలో మునిగియున్నను ఆ చెట్లు చావవు. అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్యపు వానలు కురిసి చెరువు నిండగానే పక్షులు దిగుట ప్రారంభించును. గూడబాతులు, నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు, శబరికొంగలు ఒకే చెట్టును పంచుకొని గూళ్లు కట్టుకొనును. మార్చి నెల వచ్చుసరికి పిల్లలు పెద్దవై ఎగిరిపోవును.

నీటిలోని చెట్లనే ఏల కోరుకొనుచున్నవి? నీరే వాటికి ప్రాకారము. నక్కయు అడవిపిల్లియు ఈదివచ్చి చెట్టెక్కుట కష్టము. మనుష్యుడును సులువుగా పోలేడు. వానలు తప్పి చెరువు ఎండిన యేట ఆ ప్రాకారము కూలిపోవును. అట్టి యేట పక్షులు సరిగా గూళ్లు కట్టవు. రైతు మేఘమువైపు చూచునట్లే అవియు మేఘమువైపు చూచును.

మరియొక వింత గమనింపుడి. శ్రీకాకుళము జిల్లా ఇచ్ఛాపురము దగ్గర తేలుకుంచి అను ఊరున్నది. అక్కడికి నత్తగుల్లకొంగలు జూన్ నెలలో, నైరృతి వానలతో కూడ వచ్చును. నేలపట్టులో అదే జాతి కొంగ ఈశాన్యపు వానలతో వచ్చును. ఒకే జాతి పక్షి, కాలము వేరు. పిల్లలు గ్రుడ్డునుండి వెలుపలికి వచ్చు దినమునకు పొలములలోను చెరువులలోను నత్తలు సమృద్ధిగా ఉండునట్లు అది ముందుగనే లెక్క చూచుకొన్నట్లున్నది. సంకుబుడికొంగ తన కాలమెరుగునని యిర్మీయా ప్రవక్త చెప్పినప్పుడు ఇట్టి సంగతినే చూపించి, తన జనులు మాత్రము దేవుని న్యాయవిధి నెరుగకపోయిరని దుఃఖపడెను. పక్షికి వేళ తెలిసినది; విశ్వాసికి తెలియలేదు! ఇది మనలను సిగ్గుపరచు మాట.

3. గూటిలో జరుగు పరిచర్య

గూడబాతు పేరు మన తెలుగు బైబిలులోనే యున్నది. 102వ కీర్తనలో శ్రమపడు భక్తుడు తన్ను అరణ్యములోని గూడబాతుతో పోల్చుకొనెను. ఆ హీబ్రూ మాట సరిగా ఏ పక్షిని సూచించునో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు గాని, మన భాషాంతరకర్తలు తెలుగువారికి తెలిసిన పేరు పెట్టిరి.

ఇది పెద్ద పక్షి. బరువు నాలుగు మొదలు ఆరు కిలోలవరకు ఉండును. రెక్కలు చాపినయెడల ఒక కొననుండి మరియొక కొనకు ఏడడుగులు దాటును. ముక్కు క్రింద తోలుసంచి యున్నది. ఆ సంచిని వలవలె నీటిలో ముంచి, చేపలను పట్టి, నీటిని కార్చివేసి, చేపలను మ్రింగును. దీని పై ముక్కు పొడుగునను చుక్కలుండును.

తల్లి మూడు నాలుగు గుడ్లు పెట్టును. మొదట అవి సున్నమువలె తెల్లగా నుండి, దినములు గడచినకొలది మురికిపట్టును. సుమారు ముప్పది దినములు వాటిని పొదుగవలెను. తల్లి ఒక్కతే ఈ భారము మోయదు. తండ్రిపక్షియు వంతు పుచ్చుకొని కూర్చుండును. పుట్టిన పిల్ల దేహముమీద ఈకయైనను ఉండదు. తరువాత తెల్లని నూగు వచ్చును, ఆ తరువాత ఈకలు వచ్చును. పిల్లలు గూటిలోను దాని దగ్గరను మూడు మొదలు ఐదు నెలలవరకు ఉండును. అంతకాలమును తల్లిదండ్రులు పులికాటు సరస్సుకును చుట్టుప్రక్కల చెరువులకును పోయి చేపలు పట్టి, మ్రింగి, గూటికి వచ్చి, వాటిని కక్కి పిల్లలకు పెట్టుచుండును. పిల్లలు కొంచెము పెరిగిన తరువాత తమ తలను తల్లి గొంతులోనికి దూర్చి ఆహారము తీసికొనును.

నత్తగుల్లకొంగ సంగతియు చెప్పదగినదే. దాని ముక్కు రెండు భాగముల నడుమ సందుండును. కొనలు మాత్రము కలియును. ఎవరో విరిచిరేమోయని చూచువారు జాలిపడుదురు. అయితే ఆ వంకర ముక్కుతోనే అది గుల్లలోని నత్తమాంసమును లాగివేయును. వరిచేలలోని నత్తలను తిని రైతుకు మేలు చేయును. సృష్టికర్త ఇచ్చిన పనిముట్టు మన కన్నులకు లోపముగా కనబడినను, పనిలో దాని జ్ఞానము బయలుపడును. సంఘములో ఎవరిని చూచి మనము వంకరయని నవ్వితిమో, వారికి దేవుడు ఏ పని నియమించెనో ఎవరికి తెలియును?

మధ్యాహ్నపు ఎండలో తల్లికొంగ పిల్లలకు నీడ పడునట్లు రెక్కలు విప్పి నిలుచుండును. ఎండ తన వీపుమీద పడుచుండును. నీడ పిల్లలమీద పడుచుండును. యెరూషలేమును చూచి ప్రభువు కోడియు దాని పిల్లలును అను ఉపమానము చెప్పి విలపించెనే (మత్తయి 23:37), ఆ మాటకు అర్థమడుగువారికి ఈ దృశ్యము చాలును.

4. తల్లి లేచిన గడియ

ఇప్పుడు ఈ పాఠములో మిక్కిలి ముఖ్యమైన సంగతికి వచ్చితిమి.

పక్షులను చూడవచ్చినవారు మంచివారే కావచ్చును. వారి చేతిలో ఉండేలు లేదు, వల లేదు. అయినను పిల్లలను దగ్గరనుండి చూడవలెనని గూళ్లవద్దకు పోయిరనుకొనుడి. తల్లి బెదరి లేచును. ఒక్కటి లేచిన యెడల ప్రక్క గూళ్లవియు లేచును. కాకులు ఆ గడియకొరకే చెట్టుచుట్టు కాచుకొనియుండును. తల్లి తిరిగి వచ్చులోగా గుడ్డు పగులును, లేక ఈకలులేని పిల్ల ఎండలో మాడిపోవును. తొందరపడి లేచిన తల్లి కాలు తగిలి పిల్ల నీటిలో పడుటయు కలదు. చూడవచ్చినవారు ఏమియు చేయలేదనుకొని ఇంటికి పోవుదురు. గూడు మాత్రము పాడైనది.

అందుచేతనే రక్షితస్థలములలో గట్టుమీదనుండియో, ఎత్తయిన మంచెమీదనుండియో మాత్రమే చూడనిచ్చెదరు. చేతులతో హింసించినవాడే హింసకుడని మనమనుకొందుము. గూటిమీది తల్లిని లేవగొట్టుటయు హింసయే. మోషే ధర్మశాస్త్రము పట్టుకొనువాని చేతిని ఆపెను. ఈ కాలపు జ్ఞానము చూడబోవువాని కాలినికూడ ఆపుచున్నది.

నేటి దేశపు చట్టము మోషే ఆజ్ఞకంటె మరి యెక్కువ కోరుచున్నది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి ఇట్టి పక్షులను చంపుట, పట్టుట మాత్రమే గాక, వాటి గుడ్లు తీయుట, గూళ్లు చెడగొట్టుటయు నేరము. కాళ్లు కట్టిన నీటిపక్షులను దొంగచాటున అమ్మజూపువారు మన ఊళ్లకు వచ్చినయెడల కొనకుండుడి. కొనువాడు లేనిదే పట్టువాడుండడు.

5. రెండు అపోహలు

పూర్వము పడమటి దేశముల సంఘములలో గూడబాతును గూర్చి ఒక కథ ప్రబలముగా నుండెను. కరవులో తల్లి తన రొమ్మును ముక్కుతో పొడుచుకొని, తన రక్తముతో పిల్లలను బ్రదికించునని చెప్పుకొనిరి. దానిని క్రీస్తు సిలువకు గురుతుగా దేవాలయములలో చెక్కిరి, అద్దములలో చిత్రించిరి. ఇది నిజము కాదు. గూడబాతు రక్తమునిచ్చుట ఎవరును చూచియుండలేదు. తల్లి ముక్కును రొమ్మున ఆనించుటయు, పిల్ల తల్లి గొంతులో తల దూర్చుటయు దూరమునుండి చూచినవారు అట్లు తలంచియుందురు. మన రక్షకుని త్యాగమును స్థిరపరచుటకు కట్టుకథ అక్కరలేదు. దినమెల్ల ఎగిరి తెచ్చిన దానిని తన కడుపులోనుండి తీసి పిల్లలకు పెట్టు తల్లి చాలదా? సత్యము కథకంటె తక్కువ మధురమైనది కాదు.

రెండవ అపోహ మన ఊళ్లలోనిది. ఈ పక్షులన్నియు సైబీరియానుండి వచ్చునని అనేకులు చెప్పుదురు. చలికాలములో మన చెరువులలో దిగు బాతులలో అనేకము ఉత్తరపు చలిదేశములనుండి వచ్చునవే. అయితే అవి ఇక్కడ గూళ్లు కట్టవు. చలి గడచువరకు తిని, తమ దేశమునకు పోయి పిల్లలను కనును. పులికాటులో మనము చూచు రాజహంసలును అక్కడికి మేతకు వచ్చునవే. మన దేశములో వాటి పెద్ద పురిటిల్లు గుజరాతులోని కచ్ ప్రాంతము. గూడబాతు, నత్తగుల్లకొంగ మొదలగునవి ఈ దేశపు పక్షులే. నీరున్న చోటును వెదకి తిరుగుచుండును. అవి మన అతిథులు మాత్రమే కావు, మన ఇరుగుపొరుగువారు.

మేతకు వచ్చినది ఒకచోట ఆహారము దొరకనియెడల మరియొక చోటికి పోవును. గూడు కట్టినది అట్లు పోలేదు. గూడు కట్టుటయనగా ఆ స్థలమును నమ్ముట. మన చెరువును నమ్మి, మన ఊరిని నమ్మి, తన పిల్లలను మన మధ్య పెట్టినది.

6. నమ్మకము చెడిన చోట్లు, నిలిచిన చోట్లు

కడప జిల్లాలో బుచ్చుపల్లె అను చోట 1902లో గూడబాతులు గూళ్లు కట్టియుండగా చూచినవారు వ్రాసియుంచిరి. తరువాతి కాలములో అక్కడ అవి లేకుండపోయెను. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేటి ప్రాంతమున, ఆరేడు అను గ్రామమువద్ద గూడబాతుల గూళ్లను కనుగొని లోకమునకు తెలియజేసెను. ఆ గూళ్లును తరువాత నిలువలేదు. పక్షులు అడిగి వెళ్లవు, ఫిర్యాదు చేయవు. ఒక యేడు రావు, అంతే.

కొల్లేరు కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దానిలోనికి వచ్చును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు చేర్చును. కొంతకాలమునకు సరస్సు పొట్టలోనే గట్లువేసి చేపలచెరువులు త్రవ్విరి. 1999లో దానిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రాంసార్ ఒడంబడిక క్రింద లోకమంతటికి ముఖ్యమైన చిత్తడినేలలలో చేర్చబడెను. 2006లో ప్రభుత్వము అనేకమైన గట్లను తెంచివేసెను. ఆ చెరువులమీద కూలిచేసి బ్రదుకు పేదలు అనేకులు పని పోగొట్టుకొని బాధపడిరి. వారి బాధను మనము తక్కువచేసి మాటలాడకూడదు. ధర్మశాస్త్రముకూడ ఆకలిగొన్నవానిని మరువలేదు. తల్లిని విడిచిపెట్టుమనెను గాని, గూటిలోని దానిని తీసికొనుటకు ఆనాడు సెలవిచ్చెను. రేపటికి గూడు నిలువవలెను, నేటికి పేదవాడు బ్రదుకవలెను. ఈ రెండింటిలో ఒకదానిని విడిచిన న్యాయము దేవుని న్యాయము కాదు.

నేడు కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు మరల గూళ్లు కట్టుచున్నవి. చెట్లు చాలనందున అటవీశాఖవారు నీటిలో ఇనుపమంచెలు నిలువబెట్టగా పక్షులు వాటిని అంగీకరించినవి. మనుష్యుడు చెడగొట్టిన దానిని మనుష్యుడే కొంత బాగుచేయగలడని దీనివలన నేర్చుకొనవచ్చును.

కొన్ని ఊళ్లలో నమ్మకము నిలిచినది. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలములోని వీరాపురములో రంగుకొంగలు ఊరి నడుమనున్న చింతచెట్లమీదనే గూళ్లు కట్టును. రెట్టల వాసనయు అరుపులును ఇండ్లమీదనే. అయినను ఊరివారు వాటిని తరుమరు. ముందు చెప్పిన తేలుకుంచిలోను వాటి రాక వానకు శుభసూచనయని ఊరివారు సంతోషింతురు. తమిళనాడులోని వేడంతాంగల్ సంగతి మరియు పాతది. పదునెనిమిదవ శతాబ్దపు చివర దొరలు కొందరు అక్కడి పక్షులను కాల్చగా, రైతులు చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గరకు పోయి, వాటిని కాల్చరాదని ఉత్తరువు పుచ్చుకొనిరి. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు తమ చేలకు ఎరువని వారెరుగుదురు. వీరిలో ఎక్కువమంది మోషే గ్రంథము చదివినవారు కారు. వ్రాయబడిన ఆజ్ఞ లేనివారు ఆజ్ఞలోని క్రియను చేయుచుండగా, ఆజ్ఞను చేతపట్టుకొన్న మనము ఏమి చేయుచున్నాము?

7. మన ఇండ్లలోని గూళ్లు

దేవుడు పక్షిగూటిని గూర్చి మాత్రమే చింతించి ఈ ఆజ్ఞ ఇచ్చెనా? పక్షితల్లిని కాపాడుట నేర్చుకొన్న చేయి మనుష్యతల్లిని కొట్టకూడదు. ఇక్కడ మనము మన ఇండ్లలోనికి చూచుకొందము.

నిండుచూలాలైన కోడలు చివరి నెలవరకు కలుపుతీతకు పోవుచున్నది. పురిటి మంచముదిగి కొన్ని దినములు కాకమునుపే నీళ్లకడవ ఎత్తుచున్నది. ఆడపిల్ల పుట్టినదని ఇంటిలో మూతులు ముడుచుకొనుచున్నారు. పాలిచ్చుచు ఆమె ఆ మాటలు వినుచున్నది. పిల్లలను విడిచి పోలేదని తెలిసినందుననే తాగివచ్చిన భర్త ఆమెను కొట్టుచున్నాడు. గూటిమీది తల్లిని పట్టుకొనుటయనగా ఇదియే. ఆమె ప్రేమయే ఆమెను కదలనియ్యలేదు. ఆ ప్రేమను అదనుగా చేసికొనువాడు బల్లయొద్దకు వచ్చినను దేవుని ఆజ్ఞను మీరినవాడే.

మరియొక తల్లియున్నది. పిల్లలకు రెక్కలు వచ్చినవి. హైదరాబాదుకో, గల్ఫు దేశములకో ఎగిరిపోయిరి. ముసలితల్లి పాతగూటిలో ఒంటరిగా నున్నది. పక్షిపిల్ల ఎగిరిపోయిన తరువాత తల్లిని మరచినయెడల దానిమీద నేరము లేదు. దానికి ఐదవ ఆజ్ఞ ఇయ్యబడలేదు. మనకు ఇయ్యబడినది. ఇంతకుముందు చెప్పినట్లు రెండు ఆజ్ఞలకును వాగ్దానము ఒక్కటే.

సంఘముగా మనమేమి చేయగలము? మన స్త్రీల సమాజమువారు పురిటింటికి నెలదినములు వంతులవారీగా నీళ్లు తెచ్చిపెట్టవచ్చును. పెద్దలు ఇంటిలో కొట్టువానిని పిలిచి, సిగ్గుపడక గట్టిగా మాటలాడవచ్చును. యౌవనస్థులు ఒంటరి ముసలివారికి మందు తెచ్చియిచ్చి, దూరదేశమందున్న కుమారునికి వారి ఎదుటనే ఫోను కలుపవచ్చును. ఇవి పెద్ద కార్యములు కావు. పక్షిగూటి ఆజ్ఞయు పెద్దది కాదు.

8. గూడులేని ప్రభువు

కోరహు కుమారులు దేవుని మందిరమును తలంచుకొని, పక్షులకుకూడ ఆయన బలిపీఠముల చెంత పిల్లలు పెట్టు స్థలము దొరికినదని పాడిరి (కీర్తన 84). దేవుడు తన ఇంటి గోడలలోనుండి గూడును తోసివేయడు. ఇట్టి దేవుని కుమారుడు లోకమునకు వచ్చినప్పుడు ఏమి జరిగెను? ప్రసవకాలమందున్న ఒక తల్లికి సత్రములో చోటు లేకపోయెను (లూకా 2:7). పక్షులకు గూళ్లున్నవిగాని తనకు తల ఆనించుటకు చోటు లేదని తరువాత ఆయనయే చెప్పెను (మత్తయి 8:20). మనకు నిత్యనివాసమియ్యవలెనని ఆయన గూడులేనివాడాయెను. బేత్లెహేమువారు ఆ తల్లికి చేసిన దానిని మన ఊరు ఏ తల్లికి చేయకుండునుగాక.

9. పక్షులను చూడబోవువారికి సూచనలు

ఆదివారపు బడి పిల్లలను దగ్గరనున్న చెరువునకు తీసికొనిపోవు ఉపాధ్యాయులు వీటిని గమనింతురుగాక:

(1) ఉదయమున ఎండ యెక్కకమునుపు గాని సాయంకాలమున గాని పోవుడి. సాయంకాలమున మేతకు పోయిన పక్షులు గూళ్లకు తిరిగివచ్చుచుండగా, శబరికొంగలు మాత్రము రాత్రి వేటకు బయలుదేరును. ఈ రాకపోకలు చూడముచ్చటగా నుండును.

(2) గట్టు దిగకుడి. దుర్భిణి ఒక్కటియున్న చాలును, వంతులవారీగా చూడవచ్చును.

(3) కేకలు, పాటల పెట్టెలు, టపాకాయలు వద్దు. ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు మంచివి.

(4) సెల్‌ఫోనులో చిత్రము తీయుటకు చెట్టు దగ్గరకు పోరాదు.

(5) క్రిందపడిన పిల్ల కనబడినయెడల మీరు ఇంటికి తేకుడి. అక్కడి అటవీశాఖ కాపలాదారునికి చెప్పుడి.

(6) తిరిగి వచ్చునప్పుడు చెత్తను, ప్లాస్టిక్ సంచులను మీతో కూడ తెచ్చుకొనుడి.

(7) చెట్టునీడను కూర్చుండి 104వ కీర్తన చదివి, ప్రార్థించి, ఇండ్లకు రండి.

10. ఆలోచించవలసిన ప్రశ్నలు

(అ) తల్లిపక్షిని విడిచిపెట్టు ఆజ్ఞకును తల్లిదండ్రులను సన్మానించు ఆజ్ఞకును ఒకే వాగ్దానము ఏల కలిగియున్నది?

(ఆ) మన ఊరి చెరువులోను చెట్లమీదను ఏ పక్షులు గూళ్లు కట్టుచున్నవి? మన తాతల కాలములో ఉండి ఇప్పుడు రాని పక్షులేవి? పెద్దలనడిగి తెలిసికొనుడి.

(ఇ) చేయి వేయకయే మనము ఎవరి గూటినైన చెదరగొట్టితిమా?

(ఈ) ఈ నెలలో మన సంఘము ఏ ఒక్క తల్లికి సహాయము చేయగలదు? పేరు చెప్పుకొని నిర్ణయించుకొనుడి.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, గుల్లకొంగకు వానకాలము తెలియజేసిన నీవు మాకును నీ చిత్తకాలము తెలియజేయుము. మా బలమును బలహీనులకు అడ్డముగా నిలుపుటకు నేర్పుము గాని, వారిమీదికి చాపనియ్యకుము. మా ఇండ్లలోని తల్లులను, మా చెరువులమీది గూళ్లను నీ రెక్కల నీడను దాచుము. మాకొరకు గూడులేనివాడైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.